కృత్రిమ మేధకు ముందు మనిషికి శిక్షణ

అపారమైన సమాచారంలోని పోలికలను గ్రహించి, భాషను అర్థం చేసుకోవడం, రాబోయేదాన్ని అంచనా వేయడం వంటి పనులను కంప్యూటరు చేత చేయించే సాంకేతికతే కృత్రిమ మేధ. దానిని సమకూర్చుకోవడం కంటే, ఏ పనిని దానికి అప్పగించాలో, అది చెప్పినదానిని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడమే కష్టం. పెద్ద సంస్థలకు ఇందుకు నిపుణులుంటారు కాని, యజమానే లెక్కలు రాసి, సరుకు చూసుకొని, కొనుగోలుదారులతో మాట్లాడే చిన్న వ్యాపారంలో నేర్చుకునే తీరికా, ఖర్చుపెట్టే స్తోమతా తక్కువే.

నేర్చుకునే ఖర్చును తగ్గించడానికి సింగపూరు ఎంచుకున్న మార్గం గమనించదగినది. 2015లో ‘స్కిల్స్‌ఫ్యూచర్’ పేరిట జీవితకాల అభ్యసన ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఆ దేశం, 25 ఏళ్లు నిండిన పౌరులకు 500 సింగపూరు డాలర్ల ‘క్రెడిట్’ను, అంటే నగదుగా కాక ఆమోదిత కోర్సుల రుసుముకే వాడుకోదగిన మొత్తాన్ని, కేటాయించింది. మధ్య వయస్సులో వృత్తి నైపుణ్యాలు పాతబడిపోయే ప్రమాదాన్ని గుర్తించి, 2024లో 40 ఏళ్లు నిండినవారికి మరో 4,000 డాలర్లు చేర్చింది.

ఇక ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయం, రియాక్టర్ అనే సాంకేతిక సంస్థ కలిసి 2018లో ‘ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ’ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠ్యక్రమాన్ని ప్రారంభించాయి. ప్రోగ్రామింగ్ రాని సామాన్యులకూ అందేలా రూపొందిన ఈ కోర్సు ద్వారా తొలుత దేశ జనాభాలో 1 శాతానికి కృత్రిమ మేధ (ఏఐ)పై ప్రాథమిక అవగాహన కల్పించాలని సంకల్పించాయి.

అయితే అవగాహనతోనే పని పూర్తికాదు. బిల్లుల నమోదు, సరుకు నిల్వల అంచనా, ఉత్తరాల ముసాయిదా వంటి రోజువారీ పనులపైనే అభ్యాసం సాగి, యంత్రం తప్పును పట్టుకోవడం, కొనుగోలుదారుల వివరాలను కాపాడడం కూడా అందులో భాగమైనప్పుడే శిక్షణ ఫలిస్తుంది.