స్మారకమును మార్చునప్పుడు ఎవరి నడుగవలెను?

తెనాలిలో రణరంగచౌకు నెఱుగని యిల్లాలు అరుదు. రేపల్లె బండి దిగి బట్టల అంగళ్లకు వచ్చువారును, బాపట్లనుండి చుట్టపుచూపుగా వచ్చువారును ఆ పేరు వినియే యుందురు. 1942 ఆగస్టు 12వ తేదీన, క్విట్ ఇండియా ఉద్యమపు దినములలో, ఆ యూర హర్తాళు జరిగెను. రైలు స్టేషను తగులబడెను. పోలీసుల కాల్పులలో ఏడుగురు నేలకొరిగిరి. వారి జ్ఞాపకార్థము నిలిపిన చిహ్నములకు ఆగస్టు 12వ తేదీన పూలమాలలు వేయుట ఆ యూరి ఆచారము.

ఎవరైన వచ్చి, “ఇది పాతబడినది, దీనికి పదిరెట్లు గొప్పగా కట్టింతుము, రంగుదీపములు పెట్టింతుము” అన్నచో మనమేమందుము? సంతోషింతుమా, ఒక్క నిమిషము ఆగుడందుమా? ఈ ప్రశ్న తెనాలికి ఇంకను రాలేదు. వచ్చినచోట్ల నేమి జరిగినదో సోదరీమణులకు తెలుపవలెనని మా తలంపు.

మన దేశముననే జలియన్‌వాలాబాగునకు ఈ ప్రశ్న వచ్చినది. 1919 ఏప్రిల్ 13వ తేదీన డయ్యరు తన సిపాయిలను ఏ యిరుకు సందుగుండ లోనికి నడిపించెనో, ఆ సందు చాలకాలము వట్టి యిటుకగోడలతోనే యుండెను. అందు నడచినవారికి వేరొకరు కథ చెప్పనక్కఱలేదు. ఊపిరి బిగబట్టినట్లుండుటయే కథ. 2021లో ప్రభుత్వము ఆ తోటను బాగుచేయించి ఆగస్టు 28వ తేదీన తెరపించెను. సందు గోడలపై శిల్పములు వెలసెను. ప్రాణభీతితో జనులు దుమికిన బావికి అద్దపు కప్పు వచ్చెను. దీపముల వెలుగుతో, ధ్వనులతో కథ చెప్పు ప్రదర్శనయు నేర్పడెను. చరిత్రకారులు పలువురు, అమరుల వంశీయులలో కొందఱు దీనిని గర్హించిరి. శిథిలమగుచున్న దానిని కాపాడితిమని ప్రభుత్వపక్షమువారు చెప్పిరి. కాపాడుట వేఱు, అలంకరించుట వేఱు గదా! పెద్దల పటమునకు దుమ్ము తుడుతుము కాని ముఖమునకు రంగు వేయము.

ఇంతకంటె పెద్ద వివాదము ఆస్ట్రేలియా దేశమున జరిగినది. ఆ దేశపు రాజధాని కాన్‌బెర్రాలో జాతీయ యుద్ధస్మారక మందిరము కలదు. మొదటి ప్రపంచయుద్ధమున ఆ దేశీయులు ఇంచుమించు 60,000 మంది మరణించిరి. వారి దేహములు గల్లిపోలిలోను, ఫ్రాన్సు పొలములలోను మట్టిలో కలసినవే కాని యింటికి రాలేదు. సముద్రములు దాటిపోయి కొడుకు సమాధిని చూచివచ్చు భాగ్యము ఎందఱు తల్లులకుండును? ఛార్లెస్ బీన్ అను పత్రికావిలేఖకుడు యుద్ధభూమిలో నుండగనే ఇట్టి మందిర మొకటి కావలెనని తలపోసెను. 1941 నవంబరు 11వ తేదీన అది తెరువబడెను. అప్పటికి రెండవ యుద్ధము సాగుచునే యుండెను. అందలి కంచుపలకలపై 1,03,000కు పైగా పేర్లున్నవి. పేరు ప్రక్కన హోదా లేదు, బిరుదము లేదు. సేనాపతికిని సిపాయికిని ఒకటే వరుస. చూడవచ్చినవారు తమ వాని పేరు వెదకికొని, దాని ప్రక్క సందులో ఎఱ్ఱని గసగసాల పువ్వు నొకదానిని గ్రుచ్చి పోవుదురు. సమాధి లేనివారికి ఆ గోడయే సమాధి.

2018 నవంబరులో ఆ దేశప్రభుత్వము ఈ మందిరమును పెంచుటకు దాదాపు 50 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు వెచ్చింతుమని ప్రకటించెను. 2001లో తెరచిన ఆంజాక్ హాలు అను భవనమును పడగొట్టి, అంతకంటె విశాలమైనది కట్టి, విమానములు మొదలగు పెద్ద యుద్ధసాధనములను నిలుపవలెనని సంకల్పము. ఆ హాలు వాస్తుశిల్పమునకు జాతీయబహుమానము పొందినది, ఇరువదియేండ్లయిన నిండలేదు. వాస్తుశిల్పుల సంఘమువారు వలదనిరి. రచయితలు, చరిత్రకారులు, పూర్వోద్యోగులు కలసి 2019లో బహిరంగలేఖ వ్రాసిరి. ఆ మందిరమునకే పూర్వము అధికారులుగా నుండిన యిరువురును వ్యతిరేకించిరి. 2021లో నగరనిర్మాణ సంస్థవారు ప్రజాభిప్రాయము కోరగా వందలకొలది వచ్చిన యుత్తరములలో అనుకూలమైనవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే.

వారి వాదము సులభముగనే బోధపడును. ఇది దుఃఖించుటకు వచ్చుచోటు, యంత్రములను చూచి అబ్బురపడుచోటు కాదు. అంత ధనమున్నచో, యుద్ధమునుండి తిరిగివచ్చి మనోవ్యాధితో కుములుచున్న సైనికుల చికిత్సకు వినియోగింపరాదా? ఆయుధములు చేయు కంపెనీలు ఆ మందిరమునకు విరాళములిచ్చుటయు పలువురకు రోతపుట్టించెను. కత్తులమ్మువాడే కర్మలకు బియ్యమిచ్చినట్లున్నదని మాకును తోచినది.

ఐనను రెండవపక్షము మాటయు వినవలెను. ఆఫ్ఘనిస్థానములోను ఇరాకులోను పోరాడినవారు, శాంతిరక్షణకై పోయినవారు, “మా తండ్రులకు, తాతలకు చోటున్నది, మాకేది?” అని యడిగిరి. వారికిని తల్లులు, భార్యలు కలరు. ఈ ప్రశ్నను మేము త్రోసివేయజాలము. కాని చోటు కల్పించుటకు ఉన్న భవనమును కూల్చుటయే మార్గమా యన్నదానికి మాకు తృప్తికరమైన సమాధానము కనబడలేదు. ప్రజల నడిగి, వారు వలదన్న పిమ్మట కూడ కట్టునెడల, అడుగుట యెందులకు?

తెనాలి విషయమున మాకొక కోరిక కలదు. ఆ యేడుగురి పేళ్లు మన పిల్లలలో నెందఱు చెప్పగలరు? ఈసారి బండి దిగినప్పుడు అంగడికి పోవుటకు ముందు ఒక్కసారి అచట నిలిచి, పిల్లలచేత ఆ పేళ్లు చదివింపుడు.

కాన్‌బెర్రాలో వ్యతిరేకించినవారు గెలువలేదు. 2021లో ఆంజాక్ హాలును పడగొట్టిరి. కంచుపలకలపై పేర్లు మాత్రము ఉన్నచోటనే యున్నవి. వాని సందులలో ఎఱ్ఱని పూవులును ఉన్నవి.