తుఫాను వేళ మంచినీరు

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన పెనుతుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అటువంటి గాలివాన వెలిసినా ముప్పు తీరదు. మురుగు కలిసిన బావినీరు విరేచనాలు, కలరా తెస్తుంది. సముద్రానికి ఎడంగా ఉన్న పెద్దాపురం వంటి ఊళ్ళలో బాధితులను ఆదుకోవలసింది మనమే. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 20 మందికొక మరుగుదొడ్డి ఉండాలన్నది సహాయసంస్థలు పాటించే అంతర్జాతీయ ప్రమాణం.

అంత నీరు దొరకనినాడు ఏం చేయాలి? ఉన్న మంచినీరు ముందు దాహానికే. తాగడానికే చాలనప్పుడు వజూకు బదులు తయమ్ముమ్ చేసుకునే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది. అయితే అది నమాజు కోసమే. మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగడం మానరాదు. నీటిని మరగకాచి గాని, క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగి గాని తాగాలి. దప్పికతో వచ్చినవారిని ఏ మతస్థులని అడగకుండా మనం నీళ్ళివ్వాలి.