పుట్టిన తేదీ ఒకటి, పుట్టాల్సిన తేదీ ఒకటి
నెలలు నిండకుండా పుట్టిన కవలల వయసును ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి?

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. పిల్లల ఎదుగుదలకు మన అవ్వలు పెట్టుకున్న పట్టిక ఇది. ఇందులో ఎక్కడా ఫలానా నెలలోనే జరగాలన్న మాట లేదు. బిడ్డ బోర్లా పడ్డ రోజే పొయ్యి మీద పెనం పెట్టేవాళ్లు. ఇప్పుడు మూడో నెల, ఆరో నెల, పదో నెల అంటూ కార్డుల్లోకీ ఫోన్లలోకీ గడువులు వచ్చాయి. మంచిదే, లోపాలను తొందరగా పట్టుకోవడానికి అవి కావాలి. కానీ రెండు నెలలు ముందే పుట్టిన కవలలను ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఆ గడువులు గుండెల్లో గుబులు పుట్టిస్తాయి.

అనంతపురం సీమలోని నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో ఆ గుబులును పెంచడానికి ఒక్క పలకరింపు చాలు. "ఎనిమిది నెలలు పడె గదమ్మా, ఇంగా కూచోల్యా? మా మనవడు ఆర్నెల్లకే కూచున్న్యాడే!" అడిగిన పెద్దామె మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. ఆ రాత్రి నిద్ర పట్టనిది మాత్రం తల్లికే.

ఆ తల్లికి ఎవరైనా చెప్పాల్సిన లెక్క చాలా చిన్నది. గర్భానికి నిండు గడువు 40 వారాలు. 37 వారాలకు ముందు కాన్పు అయితే నెలలు నిండని కాన్పు. ఒక తల్లికి కాన్పు తేదీ ఆగస్టు 5 అని రాశారనుకుందాం. 32 వారాలకే, జూన్ 10న, కవలలు పుట్టేశారు. ఎనిమిది వారాలు ముందు. వచ్చే ఫిబ్రవరి 10కి పుట్టిన తేదీ ప్రకారం వాళ్లకు ఎనిమిది నెలలు. ఆగస్టు 5 నుంచి లెక్కేస్తే ఆరు నెలలు. ఈ రెండో దాన్నే డాక్టర్లు కరెక్టెడ్ ఏజ్ అంటారు, తెలుగులో సవరించిన వయసు అనుకోవచ్చు. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాట్లాడటం, ఇవన్నీ ఈ వయసుతోనే చూడాలి. అమెరికాలో పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించిన ఆర్నాల్డ్ గెసెల్ 1940ల నాటికే ఈ సవరణ గురించి చెప్పాడు. మన పల్లెల్లో ఇది ఇప్పటికీ చాలామంది తల్లుల చెవిన పడకపోవడం బాధాకరం.

ఇది తల్లిని ఓదార్చడానికి తగ్గించి చెప్పే వయసు కాదు. 34 వారాలకు బిడ్డ మెదడు బరువు నిండు నెలల బిడ్డ మెదడులో సుమారు మూడింట రెండు వంతులే. ఆఖరి వారాల్లోనే కండరాలకు బిగువు వస్తుంది, పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒక వరుసలోకి వస్తాయి. కడుపులో జరగాల్సిన ఆ పని ఇంక్యుబేటర్‌లోనో తల్లి రొమ్ము మీదో సాగుతుంది. కాన్పు ముందే అయినా మెదడు తన వేగంతోనే పెరుగుతుంది.

కవలల విషయంలో ఇది అరుదైన సంగతి కూడా కాదు. సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకుండానే పుడతారు. మన దేశంలో 2020లో 30 లక్షలకు పైగా పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు, ప్రపంచంలో ఇదే అత్యధికం. ఇంత జరుగుతున్నా ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే దక్కరన్న నమ్మకం ఇంకా వినిపిస్తూనే ఉంది. అది పూర్తిగా తప్పు. కడుపులో గడిపిన ప్రతి వారం బిడ్డకు బలమే, ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకంటే అవకాశం ఎక్కువ.

ఈ కరువు సీమలో అలాంటి పిల్లలను కాపాడే చోట్లు ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో నవజాత శిశు విభాగాలున్నాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ)కి బత్తలపల్లిలో పెద్దాసుపత్రి ఉంది. బిడ్డను బట్టలేకుండా తల్లి రొమ్ముకు ఆనించి కట్టే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో పుట్టింది. పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే తక్కువ బరువు శిశువుల మరణాలు 25 శాతం తగ్గాయని మన దేశంతో సహా అయిదు దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో తేల్చింది. కవలలైతే ఇద్దరినీ ఒకేసారి కట్టుకోవచ్చు. అమ్మ అలిసిపోతే నాన్న, అవ్వ కూడా కట్టుకోవచ్చు. మగవాళ్లు సిగ్గుపడాల్సిన పనే లేదు.

ఇంతవరకూ సవరించిన వయసు గురించి చెప్పాను. దాన్ని వాడకూడని చోట్లు రెండున్నాయి, అక్కడ పొరపాటు పడితే నష్టం పెద్దది.

మొదటిది కన్ను. కంటి వెనక రెటీనా పొరలో రక్తనాళాలు నిండు నెలలకు గానీ పూర్తిగా అల్లుకోవు. ముందే పుట్టిన బిడ్డలో అవి దారి తప్పి పెరిగి పొరనే లాగేయవచ్చు. బయటికి కన్ను చక్కగా, నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. 34 వారాలకు ముందు, లేదా రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు పుట్టిన 30 రోజుల్లోగా రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల లోపు, లేదా 1,200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే. వేళకు చూస్తే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చూపు నిలబెట్టవచ్చు. పొర ఊడిపోయాక చూపు తిరిగి రావడం దాదాపు ఉండదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్ర జలాలి బృందం 1990ల చివర్లోనే శిశువుల వార్డులకే వెళ్లి ఈ పరీక్షలు చేయడం మొదలుపెట్టింది. పచ్చి బాలింత, ఇద్దరు బిడ్డలు, బస్సు ప్రయాణం, కష్టమే. అయినా ఈ ఒక్క ప్రయాణం వాయిదా వేయకూడదు. డిశ్చార్జి రోజే ఎక్కడికి, ఏ తేదీకి వెళ్లాలో కాగితం మీద రాయించుకోవాలి.

రెండోది టీకాలు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు పుట్టిన తేదీ నుంచే లెక్క. బిడ్డ నిలకడగా ఉంటే, చిన్నగా ఉన్నాడని ఆపకూడదు. కోరింత దగ్గు ఇలాంటి బిడ్డల మీదే ఎక్కువ పగబడుతుంది.

తిండి మాత్రం మళ్లీ సవరించిన వయసుదే. 34 వారాలకు ముందు పుట్టిన పిల్లల మీద మన దేశంలోనే జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. సవరించిన నాలుగో నెలలోనే పైతిండి మొదలుపెట్టిన పిల్లలు ఆరో నెలలో మొదలుపెట్టినవాళ్లకంటే ఎక్కువేమీ పెరగలేదు, పైగా ఎక్కువసార్లు ఆసుపత్రి పాలయ్యారు. కాబట్టి జూన్ కవలలకు రాగి జావ, మెత్తటి పప్పన్నం ఫిబ్రవరిలో. ఐరన్ చుక్కలు, విటమిన్ డి మాత్రం అంతకు చాలా ముందే, డాక్టరు చెప్పిన మోతాదులో.

ఇక కవలల్లో ఒకడితో ఇంకొకణ్ని పోల్చడం. పెద్దోడు పాకుతున్నాడు, చిన్నోడు పాకడం లేదు అని ఇల్లంతా ఒకటే గోల. ఒకే రోజు పుట్టినా బరువులు వేరు, ఆసుపత్రిలో పడ్డ కష్టాలు వేరు. నిండు నెలల పిల్లల్లోనే ఆసరా లేకుండా కూర్చోవడం నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాటేదాకా, సొంతంగా నడవడం ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా జరగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల వయసు పట్టిక చెబుతోంది. పాకకుండానే నడిచే పిల్లలూ ఉంటారు.

అలాగని "నెల తక్కువ బిడ్డలే, నిదానంగా వస్తార్లే" అని ఊరుకోకూడదు. సవరించినా అందని గడువును తీవ్రంగా తీసుకోవాలి. సవరించిన మూడో నెల దాటినా ముఖం చూసి నవ్వకపోయినా, నాలుగు నిండినా మెడ నిలవకపోయినా, పిడికిళ్లు ఎప్పుడూ బిగిసే ఉన్నా, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా పడుతున్నా, ఏడాది లోపే ఎప్పుడూ ఒకే చేతిని వాడుతున్నా, తొమ్మిది దాటినా కూర్చోకపోయినా వెంటనే చూపించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఇందుకే ఉన్నాయి. మొదటి రెండేళ్లలో చేయించిన ఫిజియోథెరపీకి ఉండే ఫలితం తర్వాత ఉండదు. రెండేళ్లు నిండాక సవరణ అక్కర్లేదు, 28 వారాల లోపు పుట్టినవాళ్లకు కొందరు డాక్టర్లు మూడేళ్లదాకా చూస్తారు.

నల్లమాడ సీమకు ఇంకో చిక్కు ఉంది. శెనక్కాయ పంట పోయిన ఏడు బెంగళూరుకో కేరళకో పనికి వెళ్లక తప్పదు, పసిబిడ్డలూ వెంట వెళ్తారు. ఇక్కడి ఆశా కార్యకర్తకు తెలిసిన సంగతులేవీ అక్కడివాళ్లకు తెలియవు. బెంగళూరు డాక్టరు కార్డు మీది పుట్టిన తేదీ చూసి ఎనిమిది నెలల బిడ్డగానే లెక్కేస్తాడు. అందుకే తల్లీబిడ్డల కార్డు పైన, పుట్టిన తేదీ పక్కనే, పుట్టాల్సిన తేదీనీ ఎన్ని వారాలకు పుట్టారో ఆ అంకెనూ పెన్నుతో పెద్దగా రాయించుకోవాలి. ఆ తేదీ సరిగ్గా ఉండాలంటే గర్భం తొలి మూడు నెలల్లో తీసిన స్కాన్ కాగితం కావాలి, దాన్ని పారేయకూడదు. డిశ్చార్జి కాగితం, కంటి పరీక్ష కాగితం, ఈ కార్డు, ఇద్దరికీ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బట్టల మూటలో ముందు వేసుకోవాలి.