బందరు చూడబోవువారికి

'బందర్' అను మాటకు ఉర్దూలోను, పారసీలోను రేవు అని అర్థము. మచిలీపట్నమును తెలుగువారు బందరు అని పిలుచుటలో ఆ భాషల మైత్రి నేటికిని నిలిచియున్నది. అయితే ఊరిలో దిగిన యాత్రికునకు సముద్రము కనబడదు. కావున మన విద్యార్థులలో పలువురు బస్సు దిగి నేరుగా మంగినపూడికి పోయి, అలలలో ఆడి, చీకటిపడువేళకు తిరిగివత్తురు. మేమును మొదటిసారి అట్లే చేసితిమి. అది బందరు చూచుట కాదు.

ముందుగా సమీపముననున్న పెడనకు పోవలెను. కలంకారీ అను పేరులో కలము ఉన్నను, ఇచట పని అధికముగా చెక్క అచ్చులతోనే జరుగును. కలముతో వ్రాయుట శ్రీకాళహస్తి పద్ధతి. గంజి పోవ నుతికిన బట్టను పాలు కలిపిన కరక్కాయ నీటిలో ముంచి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో చాలదినములు నానవేసి, ఆ ద్రవమును అద్దగా, కరక్కాయతో కలిసి నలుపగును. పటిక అద్దినచోట మొదట ఎరుపు కానరాదు. వేళ్ళరంగులో ఉడికించిన పిమ్మటనే తేలును. పని పూర్తియగుటకు పలు దినములు పట్టును గనుక, వేర్వేరు దశలలోనున్న బట్టలను అడిగి చూడుడు. గోలకొండ పాలకుల కాలమున పారసీకుల అభిరుచికి తగిన లతలును పుష్పములును ఈ అచ్చులలో చేరినవి. కొనునప్పుడు మాత్రము ఏ రంగులు వాడిరో తప్పక విచారింపవలెను. రసాయనపు రంగుల నకలు చవుక. దానినే కలంకారీ యని కొనువారు హెచ్చినకొలది అసలు పనివాని కూలి గిట్టదు.

పిమ్మట బందరుకోట. గోలకొండకు ముఖ్యమైన రేవు ఇదియే. డచ్చివారు ముందు చేరిరి. ఆంగ్లేయులు 1611లో వర్తకస్థానము నెలకొల్పిరి. 1750లో ఫ్రెంచివారి వశమై, 1759లో మరల ఆంగ్లేయుల చేజిక్కెను. నేడు మిగిలినవి శిథిలములే. వానిపై పేరులు చెక్కు దురభ్యాసము మనవారికి వలదు. 1864 నవంబరు 1న తుపానుతో ఉప్పెన వచ్చి ఇంచుమించు 30,000 మందిని బలిగొన్నది ఈ నేలమీదనే.

మంగినపూడి తీరమున నేల నల్లని బంకమట్టి. తెల్లని ఇసుక నాశించి పోరాదు. తుపాను హెచ్చరిక యున్నదినమున అసలే పోరాదు. ఆ దిక్కుననే 2023లో క్రొత్త ఓడరేవు పనులు ఆరంభమైనవి.

వేకువనే లేవగలవారు గిలకలదిండిలో చేపల పడవలు వచ్చుట చూడవచ్చును. లేవలేనివారికి తొక్కుడు లడ్డు కలదు: శనగపిండి పూసను వేయించి, దంచి, బెల్లపుపాకముతోను నేతితోను కట్టుదురు. హాస్టలు మిత్రులకు తెచ్చుటకు రెండు కిలోలు చాలవని మా అనుభవము.