ఊరూ పేరూ లేని ఉత్తరం

1983 జూలైలో ఢిల్లీ నుంచి వెలువడే 'పేట్రియట్' అనే ఇంగ్లీషు దినపత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. కింద పేరు లేదు. రాసినాయన పేరుమోసిన అమెరికన్ శాస్త్రజ్ఞుడని మాత్రం వుంది. ఎయిడ్సు రోగాన్ని అమెరికా సైన్యంవారే తమ ఫోర్ట్ డెట్రిక్ ప్రయోగశాలలో పుట్టించారనీ, ఇకమీదట ఆ ప్రయోగాలు పాకిస్తానులో జరగబోతున్నాయనీ దాని సారాంశం. పక్కింట్లో పాముల్ని పెంచుతున్నారంటే ఎవరికి నిద్రపడుతుంది?

రెండేళ్లపాటు ఆ కథను పట్టించుకున్నవారు లేరు. 1985 అక్టోబరులో మాస్కో వారపత్రిక ఒకటి దాన్ని బయటికి తీసింది. ఇది మేమన్న మాట కాదు, ఇండియా పత్రిక రాసిందే అని చూపించింది! 1987 నాటికి 80కి పైగా దేశాల్లో, 30కి పైగా భాషల్లో ఆ పుకారు షికారు చేసింది. నిజానికి ఆ వైరస్ ఆఫ్రికాలో చింపాంజీల నుంచి మనుషులకు సోకిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. 1992లో రష్యా విదేశీ గూఢచారి శాఖాధిపతి ప్రిమకోవ్, కథ అల్లింది సోవియట్ గూఢచారులేనని ఒప్పుకున్నాడు.

ఇలాంటివాటిని ఒక దేశం ఎలా ఎదుర్కోవాలి? అందరి నోళ్లూ మూయించడం సులువే. కాని అప్పుడు పాలకులకు గిట్టని ప్రతి మాటా విదేశీ కుట్రే అయి కూర్చుంటుంది. ఈ చిక్కు గురించి బాగా ఆలోచించినవారు స్వీడన్‌వారు. ప్రజల మనోధైర్యాన్ని కాపాడడానికి 1954లోనే వాళ్లొక సంస్థను పెట్టుకున్నారు. ఆ పరంపరను 2008తో ముగించి, పనిని వేరే శాఖకు అప్పగించారు. ఇక భయంలేదనుకున్నారు కాబోలు. మళ్లీ 2022 జనవరి 1న మానసిక రక్షణ సంస్థ అని ప్రత్యేకంగా నెలకొల్పారు.

ఈ సంస్థకు ఒక గిరి గీశారు. బయటి దేశాలు బుద్ధిపూర్వకంగా నడిపే అబద్ధాలను కనిపెట్టడం, వాటిని గురించి జనానికి చెప్పడం, వాటిని తట్టుకునేలా తోటి శాఖలను తయారుచేయడం దాని పని. స్వీడిష్ పౌరుడు తన ప్రభుత్వాన్ని ఎంత తిట్టినా దానికి సంబంధం లేదు. నన్నడిగితే, ఆ వ్యూహం మొత్తంలో ఆయువుపట్టు ఇదే.

రెండో భాగం ఇంటింటికీ చేరింది. 2018లో సుమారు 48 లక్షల ఇళ్లకు ప్రభుత్వం ఒక చిన్న పుస్తకం పంపింది. 2024లో మళ్లీ పంపింది. ఆపత్తు వస్తే నీళ్లు, తిండి, దుప్పట్లు ఎలా సమకూర్చుకోవాలో చెబుతూనే, విన్న కబురును ఎలా పరీక్షించాలో కూడా చెప్పింది. ఎవరన్నారు? ఎందుకన్నారు? ఇంకెక్కడైనా వుందా? సరిగ్గా ఈ సమయంలోనే ఎందుకు వచ్చింది? ఢిల్లీ ఉత్తరం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి వుండేది.

కాని అన్ని కథలకూ పేరు లేకుండా పోదు. 2021 చివర స్వీడన్ అధికారులు ముస్లిం పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని విదేశాల్లో పెద్ద ప్రచారం లేచింది. ఇంట్లో ప్రమాదంలో వున్న పిల్లల్ని కోర్టు తీర్పు మీద వేరేచోట వుంచే చట్టం అక్కడ వుంది. అది ఏ మతం పిల్లలకైనా ఒక్కటే. అయితే వీధికెక్కి ఏడ్చిన తల్లుల్లో నిజంగా బిడ్డలకు దూరమైనవారూ వున్నారు. ఆ దుఃఖం విదేశీ సరుకు కాదు. దాన్ని వాడుకున్న గొంతులు వేరు. అధికారులు ఆ తల్లుల ఊరేగింపులను నిషేధించలేదు. ఆ చట్టం ఎలా నడుస్తుందో అరబ్బీలో కూడా అచ్చువేసి చెప్పారు.