దుక్కిలో బయటపడే చరిత్ర

తొలకరి వాన కురిసిన తరువాత దుక్కిలో నడిచి చూడండి. మట్టి కడుక్కుపోయి గులకరాళ్ళు, పలుగురాళ్ళు, కుండ పెంకులు పైకి తేలి కనిపిస్తాయి. రైతు వాటిని ఏరి గట్టు మీద పోస్తాడు. ఆ కుప్పలో లక్షల ఏళ్ళ నాటి మనిషి చేతిపని ఉండవచ్చునంటే నమ్ముతారా?

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో కంకర తవ్విన గుంటలో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడికి ఒక రాయి కనిపించింది. రెండు వైపులా చెక్కిన చేతిగొడ్డలి అది! పాతరాతియుగపు మనుషులు మన దేశంలోనూ ఉండేవారని దానితో తేలింది. అదే ఏడాది ఆయన, ఆయన సహచరుడు కింగ్ అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లు కనుగొన్నారు. అక్కడి వాటిలో అతి పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇలాంటి పనిముట్లు కడప, కర్నూలు ప్రాంతాల్లోను, నాగార్జునకొండ లోయలోను కూడా దొరికాయి.

చెక్కిన రాయిని గుర్తించడం ఎలా?

మందపాటి గాజు పగిలిన చోట జాగ్రత్తగా చూడండి. ఆలిచిప్ప మీది గీతల్లాంటి వలయాలు ఉంటాయి. గట్టి, సన్నని రేణువుల రాయిని అంచున బలంగా కొట్టినా అంతే. దెబ్బ తగిలిన చోటినుంచి బలం అలలాగా వ్యాపించి పెచ్చు ఊడుతుంది. పెచ్చు మీద దెబ్బకు దగ్గరలో చిన్న ఉబ్బు, రాయి మీద దానికి సరిపడే పల్లం మిగులుతాయి. వాగులో దొర్లిన రాయికీ ఒకటి రెండు పెచ్చులు ఊడవచ్చు. కాని రెండు ముఖాల మీద, వరుసగా, ఒకే అంచును పదును చేసేటట్టు పెచ్చులు లేచి ఉంటే అది మనిషి పనే అయి ఉండవచ్చు.

కొత్తరాతియుగం వారు నల్లని డోలరైట్ రాయిని చెక్కి, బండ మీద నూరి, గొడ్డళ్ళు చేసుకున్నారు. నున్నగా మెరిసే ఈ గొడ్డళ్ళను చూసి, ఇవి పిడుగుతో పాటు పడ్డవని చాలా దేశాల్లో జనం నమ్మేవారు.

కొన్ని రాళ్ళు మనిషి కన్నా ఎంతో ముందటివి. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లో లావా పొరల నడుమ ఉన్న సున్నపురాతిలో గవ్వల శిలాజాలున్నాయి. అవి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటివి.

రాయి కన్నా చోటు ముఖ్యం

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. ఇలాంటి దిబ్బల్లో కొలిమి చిట్టెంలాంటి ముద్దలుంటాయి. ఒక్క ముద్దను ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే అదేమిటో ఎవరు చెప్పగలరు? 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడ పొర పొరగా తవ్వించాడు. కొయ్యలు పాతిన గుంతల వరుసలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అది 4,000 ఏళ్ళకు పైబడిన పశువుల దొడ్డి! పేడ పేరుకున్నప్పుడల్లా తగలబడి ఆ దిబ్బ ఏర్పడింది. ఈ సంగతి చెప్పింది ముద్ద కాదు, అది ఉన్న చోటు.

అందుకే, ఎక్కడ దొరికిందో రాసి ఉంచని రాయి సగం మూగదైపోతుంది. మద్రాసు మ్యూజియానికి చేరిన ఫుట్ సేకరణ ఇప్పటికీ పనికివస్తున్నదంటే, ఏది ఎక్కడ దొరికిందో ఆయన రాసిపెట్టడమే కారణం. ఇవాళ ట్రాక్టర్లు, పొక్లెయిన్లు ఒక్క పూటలో దిబ్బలను చదును చేస్తున్నాయి. చదునైన చోటును మళ్ళీ చదవలేము.

మీరేం చేయాలి?

ముందు రైతును అడిగి అనుమతి తీసుకోండి. పైరు ఉన్న చేలోకి దిగవద్దు. నలుగురైదుగురు సమదూరంలో నిలబడి, చాళ్ళ వెంట తిన్నగా నడవండి. వింత రాయి కనిపిస్తే, కదిలించక ముందే పక్కన స్కేలు ఉంచి ఫోటో తీయండి, లేదా బొమ్మ గీయండి. తేదీ, ఊరు, పొలం సర్వే నంబరు, నేల రంగు, దగ్గరలో ఇంకేమేమి ఉన్నాయో నోటుబుక్కులో రాయండి. తరువాత దాన్ని అక్కడే ఉంచండి. తవ్వవద్దు. రాళ్ళను పగలగొట్టవద్దు.

నాణేలు, విగ్రహాలు, శాసనాలు కనిపిస్తే వెంటనే మీ ప్రధానోపాధ్యాయుడి ద్వారా తహసీల్దారుకు తెలియజేయండి. భూమిలో దాగి ఉండి దొరికిన, 10 రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది.

ఈ తొలకరికి మీ తరగతి పిల్లలంతా కలిసి ఊరి పటం ఒకటి గీయండి. ఏ చేలో పెంకులు, ఏ గట్టున చెక్కిన రాళ్ళు ఉన్నాయో అందులో గుర్తించండి. ఆ పటం నకలును మీ జిల్లా మ్యూజియానికో, పురావస్తు శాఖకో పంపండి. రాళ్ళతో నిండిన పెట్టె కన్నా అదే విలువైన సేకరణ.