ముడి లేని పట్టు

గాలానికి తగిలిన పెద్ద చేప దారం తెంచుకుని పోయినప్పుడు, చేతిలో మిగిలిన కొసను ఒకసారి పరీక్షగా చూడండి. కొస పందితోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారిపోయిందని అర్థం. మెలికలేమీ లేకుండా తిన్నగా తెగి, మిగిలిన దారమంతా గీత పడకుండా నున్నగా ఉంటే, చాలావరకు అది ముడి మొదట్లోనే తెగిందన్నమాట. దారం ఎంత ఖరీదైనదైనా దాని బలం ఎంతో తేల్చేది ముడి దగ్గరి ఆ రెండు మూడు మిల్లీమీటర్లే. లూర్‌ను, అంటే కృత్రిమ ఎరను, ముడి వేయకుండానే దారానికి తగిలించే క్లిప్పులు పుట్టింది ఈ బలహీనతను తప్పించడానికే.

ముడి ఎందుకు బలహీనం?

మామూలు ముడి ఒకటి వేసి బిగిస్తే దారం బలం దాదాపు సగానికి పడిపోవచ్చు. జాలరులకు ఎప్పటినుంచో తెలిసిన ఈ సంగతిని శాస్త్రవేత్తలూ పట్టించుకున్నారు. 1999లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పాలిథిలీన్ అణువుల గొలుసుకు కంప్యూటర్‌లో ముడి వేసి లాగి చూసింది. గొలుసు తెగింది ముడి నడుమ కాదు, ముడిలోకి ప్రవేశించే చోట. 2001లో పోలండ్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఉడికించిన స్పఘెట్టికి ముడులు వేసి లాగినప్పుడూ తెగింది ముడి ప్రవేశద్వారం దగ్గరే. ఆ బృందంలో ఒకరైన జాక్ దుబోషే తర్వాత 2017లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

కారణం వంపు. దారం వంగినప్పుడు లోపలి వైపు కుదించుకుపోతుంది, బయటి వైపు సాగుతుంది. ముడిలో దారం తన మీద తానే వంగుతుంది. 0.4 మిల్లీమీటర్ల దారం అంతే మందం ఉన్న దారం చుట్టూ తిరిగితే, బయటి అంచు లెక్క ప్రకారం 50 శాతం సాగాలి. అదే దారాన్ని 1 మిల్లీమీటరు కాడకు చుడితే సాగుడు 29 శాతానికి, 2 మిల్లీమీటర్ల కాడకైతే 17 శాతానికి తగ్గుతుంది. నిజానికి దారం కాస్త నలిగి సర్దుకుంటుంది కాబట్టి అసలు విలువలు ఇంతకంటే తక్కువే. అయినా లెక్క చూపే దారి సరైనదే: వంపు ఎంత విశాలంగా ఉంటే దారానికి అంత మేలు. ముడి ప్రవేశంలో ఈ వంపుకి చేప లాగుడు మొత్తం తోడవుతుంది. పైగా పక్క చుట్లు దారాన్ని నొక్కుతాయి. ఇవన్నీ కలిసి ఒకేచోట పడతాయి.

జారే దారాల కాలం

1935లో డూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన నైలాన్ సాగుతుంది, ముడిలో బాగానే బిగుస్తుంది. ఇప్పుడు లూర్ వేటలో ఎక్కువమంది వాడేది అల్లిక దారం. డైనీమా వంటి పేర్లతో దొరికే అతి పొడవైన పాలిథిలీన్ అణువుల పోగులను అల్లి దీన్ని చేస్తారు. అదే మందం నైలాన్ కంటే ఇది చాలా బలమైనది, దాదాపు సాగదు, నీటి మీద తేలుతుంది. కానీ నునుపు మరీ ఎక్కువ, ముడి జారుతుంది. జారితే రాపిడి, రాపిడితో వేడి. నైలాన్ 66 కరగడానికి సుమారు 260 డిగ్రీల సెల్సియస్ కావాలి, ఈ పాలిథిలీన్‌కు 145 చాలు. ముడి బిగించేముందు తడపాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

క్లిప్పు చేసే పని

ముడిలేని క్లిప్పు స్టెయిన్‌లెస్ ఉక్కు తీగను వంచి చేసిన చిన్న వస్తువు. ఒక చివర లూర్ కంటికి, అంటే దారం కట్టే రింగుకు, తగిలే కొక్కెం, మధ్యలో నున్నని కాడ, రెండో చివర దారాన్ని పట్టి ఉంచే వంకీ. దారాన్ని కాడకు కొన్ని చుట్లు తిప్పి కొసను వంకీలో ఇరికిస్తారు. కొన్ని రకాల్లో దారాన్ని మడిచి ఆ మడతనే చుట్టి తగిలిస్తారు. దారానికి ముడేసి కట్టే మామూలు స్నాప్ వేరు. దానితో లూర్ త్వరగా మార్చుకోవచ్చు గానీ ముడి బలహీనత అలాగే ఉంటుంది.

ముడి లేకుండా కొస ఎందుకు జారదు? విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవ మోకును ఇనుప దిమ్మకు నాలుగు చుట్లు తిప్పిన మనిషి, కొసను ఒంటి చేత్తో పట్టుకుని పడవనంతా ఆపగలడు. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ వివరించిన ఘర్షణ సూత్రం ఇదే. ప్రతి చుట్టులోనూ తన్యత అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఘర్షణ గుణకం 0.1 అనుకుందాం. చేప 10 కిలోల బలంతో లాగితే మొదటి చుట్టు దాటాక 5.3 కిలోలు, రెండో చుట్టు తర్వాత 2.8, మూడో చుట్టు తర్వాత 1.5 మిగులుతాయి. ఆరో చుట్టు తర్వాత వంకీ మోయాల్సింది దాదాపు 230 గ్రాములే. దారం మరీ నున్ననిదై గుణకం 0.05కు పడిపోతే మాత్రం ఆరు చుట్ల తర్వాత కూడా 1.5 కిలోలు మిగులుతాయి. అప్పుడు చుట్లు రెట్టింపు చేయాలి.

క్లిప్పు దారానికి కొత్త బలమేమీ ఇవ్వదు. ఉన్న బలాన్ని ఒకేచోట ఖర్చు కానివ్వకుండా పొడవునా పంచుతుంది. ఇంకో లాభమూ ఉంది. లూర్ కంటికి గట్టిగా బిగించిన ముడి దాని కదలికను కట్టేస్తుంది. క్లిప్పు గుండ్రని కొక్కెంలో లూర్ స్వేచ్ఛగా ఊగుతుంది.

ఎక్కడ పనికిరాదు?

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కోసం కప్ప ఆకారపు లూర్‌ను చెరువు నాచు మీదుగా లాగేటప్పుడు క్లిప్పు వద్దు. దాని వంకీలకు నాచు పట్టి లూర్ పని చెడుతుంది. చిన్న తేలికైన లూర్ ముక్కుకు క్లిప్పు బరువు తోడైతే తూకం తప్పుతుంది. సముద్రంలో మాలిబ్డినం కలిసిన 316 రకం ఉక్కు మేలు, ఉప్పునీటి తుప్పును 304 కంటే బాగా తట్టుకుంటుంది. వంజరం లాంటి పదునైన పళ్ల చేపల నుంచి క్లిప్పు దారాన్ని కాపాడలేదు. దానికి లూర్‌కు ముందు కట్టే ఉక్కు తీగ (లీడర్) ఉండాల్సిందే.

ఏది వాడినా ఇంటి దగ్గరే పరీక్షించుకోవడం మంచిది. దారాన్ని తడిపి, క్లిప్పుకు చుట్టి, స్ప్రింగ్ త్రాసుకు తగిలించి, కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా లాగండి. కొస దగ్గర పెన్నుతో ఒక చుక్క పెడితే జారిందీ లేనిదీ తెలిసిపోతుంది. అదే దారాన్ని మీ మామూలు ముడితోనూ లాగి, తెగే ముందు త్రాసు చూపిన అంకెలను పోల్చండి.

ఈ శ్రమ చేప దక్కడానికి మాత్రమే కాదు. తెంచుకుపోయిన చేప కొక్కెంతో, వెనక ఈడ్చుకునే దారంతో బతకాలి. ప్లాస్టిక్ దారం నీటిలో త్వరగా నశించదు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకైనా, నీటిపక్షులకైనా అది ఉరితాడే. మంచి లూర్ ఎంచుకోవడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా దాన్ని దారానికి తగిలించే చోట పెట్టడం గాలం పట్టే ప్రతివారి బాధ్యత.